దోమల సరస్సు తోడల్లుడు

"ముసలాయన బతికి ఉండాలి. మిగతా సంగతులు నాకు అనవసరం," అన్నాడు కల్నల్ ఫీతూరి.

ఎడారి ఊరు సెబ్హాలో ఆయన ఆఫీసు గదికి ఒకే కిటికీ. ఇసుక గాలి రాకుండా దానికి పాత దుప్పటి కట్టారు. వర్దుగు నిలబడే ఉన్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టమవుతోందని ఈ మధ్యే కనిపెట్టాడు. సరిహద్దు పని ముగించుకుని ముందురోజే వచ్చాడు. గడ్డంలోంచి ఇసుక ఇంకా రాలుతూనే ఉంది.

"ఎవరు సార్ ముసలాయన?"

"తోగోయి. మీ తుబు తెగ పెద్ద." కల్నల్ ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు. "నీ మామగారు."

వర్దుగు గడ్డం దులుపుకున్నాడు.

"మీ తుబులూ ఉత్తరాది అరబ్బులూ బావుల కోసం కాల్చుకు చస్తున్నారు. ఎల్లుండి రాజీ. వావ్ అన్ నాముస్ అగ్నిపర్వతం అంచున కూర్చుంటారు. రెండు వైపులా మాట చెల్లేది ఆయనకొక్కడికే. ఆయన లేకపోతే రాజీ లేదు. రాజీ లేకపోతే తుపాకులు అమ్మేవాళ్ళకి పండగ."

"హెరాన్ ముఠా?"

"అదే. సముద్రం అవతల కూర్చుని ఇరువైపులకీ సరుకు పంపేది వాళ్ళే. ముసలాయన్ని తీసేయడానికి మనిషిని దింపారని కబురు. కోడ్ పేరు 'దోమ'. మొహం తెలియదు. తుబు భాష పుట్టినప్పటి నుంచీ మాట్లాడినట్టు మాట్లాడతాడట."

"నన్నే ఎందుకు సార్? ఇంకెవరినైనా..."

"ప్రభుత్వం మనిషిని పక్కన పెట్టుకోనన్నాడయ్యా. అల్లుడైతే సరేనన్నాడు. దూరంగా ఉంటాడు కదా అని."

కల్నల్ సముద్రతీరపు మనిషి. తుబుల సంగతులు ఆయనకి ఫైళ్ళలోనే తెలుసు. తుబుల్లో అల్లుడు మామగారి ముఖం గానీ, ఆయన అన్నదమ్ముల ముఖం గానీ చూడడు. ఆయన ఎదుట తినడు, తాగడు, పెదవి విప్పడు. మామగారూ అంతే. అల్లుడి గొంతు చెవిన పడితే విననట్టే ముఖం తిప్పుకుంటాడు. అదే మర్యాద. పెళ్ళయిన నాటి నుంచీ వర్దుగు తన మామగారి వీపునీ, తలపాగా వెనక ముడినీ తప్ప మరేమీ ఎరగడు.

"కాపలా కాసేవాడు కాయాల్సిన మనిషికి వీపు పెట్టి నిలబడతాడా? ఎక్కడైనా విన్నామా?" అన్నాడు కల్నల్.

"ప్రహరీ గోడ ఇంటి వైపు చూడదు కదా సార్. వీధి వైపే చూస్తుంది."

కల్నల్ నిట్టూర్చి సొరుగులోంచి నల్ల కళ్ళద్దాలు తీశాడు. "టెక్నికల్ వాళ్ళు చేసిచ్చారు. లోపలి అంచున చిన్న అద్దం ఉంది. ముందుకి చూస్తున్నా వెనక ఏం జరుగుతోందో కనిపిస్తుంది."

"అద్దంలో చూసినా చూసినట్టే సార్."

"తీసుకోవయ్యా బాబూ! వీటి కోసం నలుగురి కాళ్ళు పట్టుకున్నాను."

వర్దుగు తీసుకున్నాడు. పెట్టుకోలేదు.

"ఇంకో సంగతి. అక్కడ డాక్టర్ ఇలోనా అనే ఆవిడ ఉంటుంది. అగ్నిపర్వతాల సరస్సుల మీద పరిశోధన ఆవిడ వేషం. హెరాన్ జీతం తింటూ మనకి కబుర్లు పంపుతుంది. మీరంతా ఆ పరిశోధన బృందమే. నువ్వు డ్రైవర్‌వి, ముసలాయన దారి చూపే పెద్దమనిషి."

"ఆవిడని నమ్మొచ్చా?"

"నేను నమ్మను. వాళ్ళూ నమ్మరు. అందుకే ఇద్దరికీ పనికొస్తోంది. 'ఇక్కడ మంచినీళ్ళు దొరుకుతాయా' అని అడుగుతుంది. 'తవ్వితే దొరుకుతాయి' అను."

* * *

కత్రూన్‌లో ఇంటి ముందు కారు ఆపినప్పుడు భార్య కల్తూమ ఖర్జూరాల మూట తెచ్చి సీటు మీద పెట్టింది. వెనక ఇంకో కారులో తోగోయి అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. దాన్ని నడిపేవాడు షఫ్తర్ అనే మిస్రాతా రేవు పట్టణపు మనిషి. వైర్‌లెస్ కూడా అతని పనే. ఎడారిలో అడుగుపెట్టిన నాటి నుంచీ అతను సణుగుతూనే ఉన్నాడు.

"నాన్నని తీసుకెళ్తున్నావు. తెచ్చి అప్పగించు," అంది కల్తూమ.

"అలాగే."

"అలాగే అని నువ్వు ఆవులిస్తూ అంటే నాకు భయమేస్తుంది. ఆయనకి తీపి పిచ్చి. మోకాళ్ళ నొప్పి. ఆయన్ని జాగ్రత్తగా చూసుకో."

"చూడకూడదుగా."

"చూడకుండానే చూసుకో." ఆమె ఎడమ కనుబొమ పైకి లేచింది. కోపం వచ్చినా భయం వచ్చినా ఆ కనుబొమ అలాగే లేస్తుంది. "నాన్న లేకుండా తిరిగొస్తే ఈ గుమ్మం ఎక్కకు. నువ్వు ఎక్కినా నేను నీ ముఖం చూడలేను."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. దారి పొడవునా వర్దుగుకి అదే చెవిలో మోగింది.

మరునాటి పొద్దుటికి వావ్ అల్ కబీర్ పోస్టు చేరారు. ఇలోనా అక్కడే ఉంది. పొడుగ్గా, ఎండకి కందిన ముఖంతో, మెడకి పచ్చ పట్టు రుమాలు చుట్టుకుని సిగరెట్ తాగుతోంది. పోస్టులోని సిపాయిలందరూ ఆ ఉదయం గడ్డం గీసుకున్నారు.

"ఇక్కడ మంచినీళ్ళు దొరుకుతాయా?" అంది.

"తవ్వితే దొరుకుతాయి, మేడమ్."

"తవ్వే ఓపిక ఉన్నట్టు లేదే నీకు."

"ఉద్యోగం, మేడమ్."

వాళ్ళతో రావలసిన వంటవాడికి రాత్రి నుంచి వణుకు జ్వరం పట్టుకుంది. పోస్టులోనే ఆదుమ్ అనే తుబు కుర్రవాడు పని కోసం తిరుగుతుంటే సిపాయిలు అతన్ని ఎక్కించారు. నవ్వు ముఖం, చురుకైన చేతులు. సామాను సర్ది వర్దుగు కారులోనే ముందు సీట్లో కూర్చున్నాడు. ఇలోనా వెనక సీట్లో సీసాల పెట్టె మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఇసుక మీద కారు పరుగెడుతుంటే ఆదుమ్ ఊళ్ళ పేర్లూ, బావుల పేర్లూ, తెగల పేర్లూ గలగలా చెప్పాడు. ఎక్కడా తడబాటు లేదు.

"నీది ఏ ఇల్లు, తమ్ముడూ?" అన్నాడు వర్దుగు.

"ఇల్లు బర్దాయి ఊళ్ళో. అత్తవారిల్లు అడుగు, సంబరపడతావు. మీ మామగారి తమ్ముడు సూగుమి లేడూ? ఆయన చిన్న కూతురే నా భార్య."

"ఆఁ! అయితే మనం తోడల్లుళ్ళం!"

"అందుకే కదా అన్నా, సిపాయిల్ని బతిమాలి మరీ ఎక్కాను."

వర్దుగు స్టీరింగు మీద చెయ్యి తీసి అతని భుజం తట్టాడు. ఎన్నో నెలలుగా అతనికి మనుషులందరూ అనుమానితులే. తన ఇంటివాడొకడు పక్కన కూర్చుంటే నడుం కాస్త వాలింది.

ఆదుమ్ గొంతు తగ్గించాడు. "పెద్దాయనా నువ్వూ మాట్లాడుకోరటగా?"

"మాట్లాడుకుంటామా!" వర్దుగు పగలబడి నవ్వాడు. "ఏం అడిగావోయ్! నువ్వు మాట్లాడతావా?"

"నేనా! భలేవాడివే," అని ఆదుమ్ కూడా నవ్వాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

* * *

వావ్ అన్ నాముస్ కొండ అంచు నుంచి లోపలికి దిగడానికి ఒకే చక్రాల దారి. నల్ల బూడిద మీద పడిన గుర్తు ఏళ్ళ తరబడి చెరగదు కనుక అందరూ ఆ ఒక్క దారినే దిగుతారు. కింద నడిమధ్య నల్లటి గుట్ట. దాని చుట్టూ రెల్లులో సరస్సులు. ఒకటి ఇటుక రంగు, ఒకటి మందు సీసా రంగు. గాలిలో కుళ్ళిన గుడ్డు వాసన. కారు తలుపు తీయగానే దోమలు.

"మా ఊళ్ళో దోమలు రాత్రి పూట కుడతాయి. వీటికి డ్యూటీ టైమ్ కూడా లేదు," అన్నాడు షఫ్తర్ మెడ చరుచుకుంటూ.

"వాటికీ నీలాంటి మెత్తని మిస్రాతా మాంసం ఎప్పుడో గానీ దొరకదు," అన్నాడు ఆదుమ్.

తోగోయి ఎర్రసరు చెట్టు కింద తుంగచాప పరిపించుకుని నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాటి రాజీలో ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో గులకరాళ్ళు పేర్చి చూసుకుంటున్నాడు. వర్దుగు ఆయనకి వెనక, వినబడేంత దూరంలో, వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా గుట్ట, కార్లు, రెల్లు. కదిలేది ఏదైనా తనని దాటే రావాలి. ఆదుమ్ కార్ల పక్కన, పెద్దాయనకి దూరంగా నిప్పు రాజేశాడు. మరి తోడల్లుడు కదా, దూరంగానే ఉంటాడనుకున్నాడు వర్దుగు.

"డ్రైవర్! ఈ సీసాలు పట్టుకో," అని నీళ్ళ అంచు నుంచి ఇలోనా పిలిచింది.

ఆమె చేతిలో నీటి పులుపు కొలిచే మీటర్. దాని అడుగున వైర్‌లెస్ ఉందని వర్దుగుకి తెలుసు. ఆమె నీళ్ళలోకి వంగి, పెదవులు కదపకుండా మాట్లాడింది.

"నిన్న పోస్టులో నీళ్ళ పీపా కింద ఒక పొట్లం పెట్టాను. హెరాన్ ఆర్డరు. పొద్దున్న మనం బయల్దేరేసరికి లేదు. ఎవరు తీశారో నేను చూడలేదు, చూడకూడదు."

"పొట్లంలో ఏముంది?"

"చక్కెర గడ్డ. ఒక్కటే. రుచి కూడా చక్కెరే. తాగినవాడు కాసేపటికి గుండె పట్టుకుని పడిపోతాడు. ముసలివాడు, ఎండ, ప్రయాణం. ఎవరూ అనుమానించరు."

వర్దుగు సీసాలు కింద పెట్టాడు. "మార్చేయలేకపోయావా?"

"సీలు వేసి ఇచ్చారు. సీలు చెదిరితే దోమ దాన్ని ముట్టుకోడు. ఇంకో దారి చూసుకుంటాడు. ఆ దారి నాకు తెలియదు, నీకూ తెలియదు." ఆమె ముఖం మీద వాలిన దోమని కూడా తోలుకోలేదు. "రెండు వైపులా ఉద్యోగం చేసి అలిసిపోయాను వర్దుగూ. ఏ వైపు నిద్రపోవాలో కూడా తెలియడం లేదు."

పోస్టు నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళలో అనుమానించాల్సింది ఇద్దరినే, షఫ్తర్‌నీ ఆదుమ్‌నీ. ఆదుమ్ ఇంటి మనిషి. షఫ్తర్ పొద్దున్న నీళ్ళ పీపా దగ్గర చాలాసేపు తచ్చాడటం వర్దుగు చూశాడు. ఇప్పుడు కార్ల దగ్గర షఫ్తర్ లేడు. రెల్లులో ఎవరో కదులుతున్నారు.

"పెద్దాయన్ని చూస్తూ ఉండు. నేను చూడలేను," అన్నాడు ఇలోనాతో. "ఆదుమ్‌ని రానిచ్చినా ఫరవాలేదు, మావాడే. షఫ్తర్ వస్తే కాల్చు."

రెల్లు చీల్చుకుని వెళ్ళేసరికి షఫ్తర్ ఒడ్డున గొంతుక్కూర్చుని సంచిలోకి ఏదో తెల్లటి గడ్డలు తోడుతున్నాడు. వర్దుగు తుపాకీ అతని చెవి వెనక ఆనించాడు.

"సంచి కింద పెట్టు."

"అయ్యబాబోయ్! ఉప్పు, అన్నా! ఉత్త ఉప్పు!"

"నాకు అది చక్కెరలా ఉంది."

"నాకి చూడు! మా అత్తగారికి పాదాల వాపు. ఈ సరస్సు ఉప్పు వేడినీళ్ళలో వేసి కాళ్ళు పెట్టుకుంటే తగ్గుతుందని ఎవరో చెప్పారట. తేకుండా ఇంటికి రావద్దంది. పొద్దున్న పీపా దగ్గర ఖాళీ సంచి కోసమే వెతికాను. అన్నా, అది పేలుతుందేమో, చెవి దగ్గర్నుంచి తియ్యవా?"

వర్దుగు ఒక గడ్డ నాలుక మీద వేసుకున్నాడు. కటిక ఉప్పు.

అంతలో గాలి ఇటు తిరిగింది. దానితో పాటు వెనక నుంచి ఒక గొంతు, నవ్వుతూ, చనువుగా, తేటగా వచ్చింది.

"మామా, టీ తీసుకో. నీకు తీపి ఇష్టమట కదా, నీ గ్లాసులో విడిగా ఇంకో గడ్డ వేశాను."

వర్దుగు షఫ్తర్ చెవి దగ్గర్నుంచి తుపాకీ తీశాడు. ఇక్కడ చక్కెర కెటిల్‌లోనే వేసి మరిగిస్తారు, గ్లాసులో ఎవరూ వెయ్యరు. అదలా ఉంచు. మామా అన్నాడు. ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూస్తూ మామా అన్నాడు. సూగుమి అల్లుడెవడూ ఆ పని చెయ్యడు. కాళ్ళు విరగ్గొట్టినా చెయ్యడు. ఈ మనిషికి బావుల పేర్లన్నీ ఎవరో నేర్పారు. అత్తవారింట ఎలా నిలబడాలో మాత్రం నేర్పలేదు.

వర్దుగు తిరిగాడు. జీవితంలో మొదటిసారి ఆ వైపుకి తిరిగాడు.

తోగోయి చేతిలో గ్లాసు ఉంది. ఆదుమ్ చాప అంచున నిలబడి ఉన్నాడు. ఇలోనా సీసాలకి మూతలు పెట్టుకుంటోంది. తనే కదా ఫరవాలేదన్నాడు!

కేక వెయ్యాలి. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ దిక్కుగా ఒక్క మాట పలకని గొంతు అది. బూడిదలో కాళ్ళు దిగబడుతుంటే పరుగెడుతూ, రెండోసారి గట్టిగా ఊపిరి పీల్చి అరిచాడు.

"తాగకండి! మామా, తాగకండి!"

తోగోయి విన్నాడు. అల్లుడి గొంతని తెలిసింది. పెద్దమనిషి ఏం చేస్తాడో అదే చేశాడు. విననట్టు ముఖం నీళ్ళ వైపు తిప్పుకుని, తలపాగా చెంగు కళ్ళ దాకా లాక్కుని, ఆ చెంగు చాటున గ్లాసు పెదవుల దగ్గరికి ఎత్తాడు.

కాల్చడానికి వీలు లేదు. గ్లాసు ముసలాయన ముఖానికి ఆనుకుని ఉంది. వర్దుగు ఆఖరి అడుగుల్లో నేల మీద నడిచినట్టు లేదు, విసిరేసిన బస్తాలా వెళ్ళి చాప మీద పడ్డాడు. చెయ్యి గ్లాసుకి తగిలింది. గ్లాసు ఎగిరి గులకరాళ్ళ మధ్య పగిలింది. జేబులో నల్ల కళ్ళద్దాలు కూడా పటుక్కుమన్నాయి.

ఆయన చెంగు జారిపోయింది. వర్దుగు తలపాగా ఎప్పుడో ఊడిపోయింది. ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలో ఉన్నాయి. ముసలాయన ఎడమ కనుబొమ మెల్లగా పైకి లేచింది. అచ్చం కల్తూమ కనుబొమ. ఆ ముఖంలో కొత్తది ఏదీ లేదు, ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న ముఖమే.

పెదవుల మీద తడి లేదు. అది చూసి వర్దుగు ఊపిరి వదిలాడు.

"కదలకండి," అన్నాడు ఆదుమ్. చేతిలో చిన్న పిస్తోలు. నవ్వు ముఖం అలాగే ఉంది. "డాక్టర్ గారూ, డ్రైవర్ పని మీరు చూడండి. ముసలాయన పని నేను చూస్తాను. ఇక గుండెపోటు కుదరదు, దొంగలు కాల్చారంటే సరిపోతుంది."

ఇలోనా సీసా కింద పెట్టింది. పట్టు రుమాలు మడతలోంచి వేలెడంత తుపాకీ తీసింది. దాన్ని వర్దుగు వైపు తిప్పింది. ఆమె కళ్ళు నిద్ర లేని మనిషి కళ్ళు.

"ఎవరి మనిషివి నువ్వు?" అన్నాడు వర్దుగు.

"అదే ఆలోచిస్తున్నాను," అని ఆమె చెయ్యి పక్కకి జరిపి కాల్చింది.

ఆదుమ్ పిస్తోలు బూడిదలో పడింది. అతను మణికట్టు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఈలోగా ఎక్కడి నుంచి వచ్చాడో షఫ్తర్ ఉప్పు సంచి ఎత్తి అతని నెత్తిన వేశాడు.

"ఇక నాకు ఒక్క యజమానే," అంది ఇలోనా, తుపాకీ మళ్ళీ రుమాలులో చుట్టుకుంటూ. "ఆ కల్నల్ టీ కూడా పొయ్యడు. ఏం బతుకో."

పగిలిన గ్లాసు అడుగున మిగిలిన చుక్కలో ఆమె మీటర్ పుల్ల ముంచింది. విషం తగిలి పుల్ల చివర నల్లబడింది. ఎవరూ చూపించక్కర్లేకుండానే తోగోయి దాన్ని చూశాడు.

కట్లు కట్టేటప్పుడు ఆదుమ్ వర్దుగు ముఖంలోకి చూశాడు. "ఎక్కడ తప్పాను?"

"మామా అని పిలిచావు."

"అల్లుడు మామా అనకపోతే ఏమంటాడు? మీ ఇద్దరికీ మాటల్లేవు. పెద్ద గొడవే అయ్యుంటుందనుకున్నాను. నేనెవరో నువ్వెలాగూ ఆయన్ని అడగవు, అదే నా ధైర్యం. మీకు పడదుగా?"

"పడకపోవడమేమిటి?" అన్నాడు వర్దుగు, కట్టు బిగిస్తూ. "ఆయనంటే నాకు ప్రాణం."

* * *

తోగోయి అప్పటికి చెంగు సర్దుకుని మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు. చెదిరిన గులకరాళ్ళు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ వరసలో పెట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట రెండు రాళ్ళ స్థానాలు మార్చాడు. తర్వాత షఫ్తర్‌ని వైర్‌లెస్ తెమ్మని సైగ చేశాడు.

వర్దుగు తలపాగా చుట్టుకుని, పాతచోటే వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన మాట్లాడేది వినకూడదు. వినబడింది.

"కల్నల్, నీ దోమ దొరికాడు. రేపటి రాజీకి ఢోకా లేదు. నేను బాగానే ఉన్నాను. కానీ ఒక ఫిర్యాదు ఉంది. నువ్వు పంపిన కాపలావాడు నా ముఖంలోకి చూశాడు. నోరారా మామా అని అరిచాడు. పైగా మీద పడ్డాడు. ఇలాంటివాణ్ణి నా దగ్గర ఉంచకు. వేరే మనిషిని పంపు. ఆఁ, రేపే పంపు. ఇతన్ని ఇంటికి పంపించెయ్. నిలబడే నిద్రపోతున్నాడు పాపం, కళ్ళ కింద ఎంతెంత సంచులో. నేను చూడలేదనుకో."

షఫ్తర్ వైర్‌లెస్ తెచ్చి వర్దుగు చేతిలో పెట్టాడు. అవతల కల్నల్ గొంతు గరగరమంది.

"ఏం చేశావయ్యా ఆయన్ని? ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది వినలేదు. ప్రాణం కాపాడినవాడి మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?"

వర్దుగు చెంప మీద వాలిన దోమని చంపి, అరచెయ్యి కోటుకి తుడుచుకున్నాడు.

"చెయ్యనివ్వండి సార్. ఫిర్యాదు చెయ్యాలన్నా మనిషి బతికి ఉండాలి కదా."